పిక్కన కత్తి

పడవ మెక్సికోలోని కొజుమెల్ దీవి రేవు దాటి దక్షిణంగా పోతోంది. నేను నడుం వంచి కుడి పిక్కకి కత్తి ఒర పట్టీ బిగించుకుంటున్నాను. పక్కన ట్యాంకులు సరిచూస్తున్న గైడ్ కుర్రాడు తల తిప్పి చూశాడు. చూపుడు వేలు నా పిక్క మీదికి చూపించి, అదే వేలిని అడ్డంగా ఊపాడు. తర్వాత నా ఒళ్లో ఉన్న గ్లోవ్స్ చూపించి మళ్లీ ఊపాడు. "నో కుచీయో, నో గ్వాంతెస్." కత్తి వద్దు, చేతి తొడుగులు వద్దు. స్పానిష్‌లో నాకు వచ్చిన మొదటి రెండు ముక్కలు ఇవే.

"హ్యూస్టన్‌లో సూట్‌కేసు సర్దేటప్పుడే చెప్పాను కదా బావగారూ" అన్నాడు మా చెల్లెలి భర్త, నా వైపు చూడకుండా. చెప్పాడు. నేనే వినలేదు. ఇలాంటివి పగడాలు విరిచి జేబులో వేసుకునేవాళ్ల కోసం పెట్టిన రూళ్లు, మనకెందుకులే అనుకున్నాను. ఊళ్లో హెల్మెట్ రూలు గురించి అనుకునే మాటే ఇక్కడా అనుకున్నానన్నమాట.

ఆ కత్తికో కథ ఉంది. నేను డైవింగ్ నేర్చుకున్నది విశాఖలో, రుషికొండ దగ్గర. మంచి రోజుల్లో తప్ప అక్కడ నీళ్లు మజ్జిగలా ఉంటాయి, చాచిన చెయ్యికి అవతల ఏముందో తెలియదు. ఓసారి రాతిగుట్ట పక్కనుంచి వస్తుంటే వెనక నుంచి ఎవరో కాలరు పట్టుకున్నట్టయింది. ఎవరో తెగ్గొట్టి వదిలేసిన పాత నైలాన్ వల, ట్యాంకు వాల్వుకి చిక్కుకుంది. ముందుకు పోలేను, వెనక్కి తిరిగితే ఇంకా చుట్టుకుంటుంది. నాతో దిగినవాడు వచ్చి, నా భుజం మీద చెయ్యేసి కదలకుండా ఆపి, నాలుగు పోగులు పరపరా కోసేశాడు. మొత్తం రెండు నిమిషాలు పట్టిందేమో. పైకొచ్చిన వారంలోనే నేనూ కత్తి కొన్నాను. జానెడు కూడా ఉండదు. ఓ పక్క పదును, ఓ పక్క రంపపు పళ్లు, మొన మొండిగా ఉంటుంది. అప్పట్నుంచీ అది లేకుండా నీళ్లలో దిగితే తాళం వెయ్యకుండా ఇల్లు వదిలి వచ్చినట్టే.

అలాంటిదాన్ని విప్పి పడవ సరంగు చేతిలో పెట్టాను. ఆయన తువ్వాల్లో చుట్టి చుక్కాని పక్క అరలో పడేశాడు.

కొజుమెల్ సముద్రానికీ మన సముద్రానికీ పోలిక లేదు. నీళ్లు గోరువెచ్చగా, 27, 28 డిగ్రీలు. 30 మీటర్ల అవతలి చేప కూడా కనిపిస్తుంది. కాళ్లు పెద్దగా ఆడించక్కర్లేదు. ప్రవాహం ఎక్కువగా దక్షిణం నుంచి ఉత్తరానికి సాగుతుంది, మనల్ని అదే తీసుకుపోతుంది, పైన పడవ మన బుడగల వెంట వస్తుంది. 1996లో ఈ పగడపు దిబ్బల్ని మెక్సికో జాతీయ పార్కుగా ప్రకటించింది, దాదాపు 12 వేల హెక్టార్లు. కత్తీ గ్లోవ్సూ నిషిద్ధమన్నది ఈ పార్కు పద్ధతే. చలికి గ్లోవ్స్ అవసరం లేని చోట అవి ఎందుకు తెస్తారు? దేన్నయినా పట్టుకోవడానికే. ఈ సంగతి నాకు మొదటి డైవ్‌లోనే తెలిసొచ్చింది.

పలాంకార్ అనే దిబ్బ దగ్గర 60 అడుగుల లోతులో ఉన్నాం. ప్రవాహం ఒక్కసారి జోరందుకుంది. గైడ్ ఓ పగడపు గుట్ట చాటున తాపీగా నిలబడి మాకోసం చూస్తున్నాడు. నేను అతన్ని దాటి కొట్టుకుపోతున్నాను. అప్పుడు నా కుడి చెయ్యి, నన్ను అడక్కుండా, ముందుకు చాచుకుంది. విశాఖలో తాడో, రాయో దొరికితే పట్టుకునే అలవాటు దానికి. వేలి కొసకి ఆవపిండి రంగు కొమ్మ ఒకటి తగిలింది. ఫైర్ కోరల్. పేరులో పగడం ఉన్నా అసలు పగడం జాతి కాదు, జెల్లీ చేపలకి దూరపు చుట్టం, చుట్టరికం కుట్టడంలో కనబడుతుంది. సాయంత్రం దాకా వేలు దురదగుంటాకు రాసినట్టు మండింది. గ్లోవ్స్ ఉండుంటే ఏం జరిగేది? నాకు మంటా ఉండేది కాదు, పట్టుకున్న సంగతీ గుర్తుండేది కాదు. నా వెనక వచ్చేవాడూ అక్కడే పట్టుకునేవాడు.

పగడం రాయిలా కనిపిస్తుంది గానీ పైన ప్రాణమున్న పల్చటి తోలు ఉంటుంది, దాని మీద జిగురు పొర. మనం తడిమితే ఆ జిగురు పోతుంది, తోలు నలుగుతుంది. మెదడు ఆకారంలో ఉండే గుండ్రటి పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. నా ఒడ్డూ పొడుగూ ఉన్న గుట్టకి ఎంత వయసుంటుందో లెక్క కట్టుకోండి.

గ్లోవ్స్ విషయంలో నా నోరు అలా మూతపడింది. ఇప్పుడు చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని, ఊపిరితోనే తేలడం మునగడం సాధన చేస్తున్నాను. పీలిస్తే ఓ జానెడు లేస్తాం, వదిలితే దిగుతాం. ఎదురుగా గుట్ట వస్తుంటే చెయ్యి అడ్డం పెట్టక్కర్లేదు, రెండు క్షణాల ముందు గుండె నిండా గాలి పీల్చాలి. ఆ రెండు క్షణాల ముందు అన్నదే కష్టం. సంగీతం మాస్టారి దగ్గర తాళం తప్పినవాడిలా మొదటి రోజంతా ఆలస్యంగానే పీల్చాను.

కత్తి మాటే నాకు ఇంకా పూర్తిగా మింగుడు పడలేదు. ఎందుకు వద్దన్నారో అర్థమవుతుంది. ఒకప్పుడు కరీబియన్‌లో డైవర్లు నల్లటి పొడుగు ముళ్ల సీ అర్చిన్‌ని కత్తితో పగలగొట్టి చేపలకి మేత వేసేవారు, చేపలు చుట్టూ మూగితే అదో సరదా. ఆ అర్చిన్‌లే పగడాల మీద పేరుకునే నాచు మేసేవి. 1983, 84లో ఏదో రోగం వచ్చి కరీబియన్ అంతటా నూటికి తొంభైకి పైగా చచ్చాయి, ఆ తర్వాత నాచు పగడాల్ని కమ్మేసింది. అది కత్తి చేసిన పాపం కాదు గానీ, మిగిలిన వాటి మీద కత్తి ఎత్తనివ్వకపోవడం న్యాయమే. అయినా చేపలు పట్టే సన్నటి ప్లాస్టిక్ దారం చుట్టుకుంటే చేత్తో తెగదు కదా! మా చెల్లెలి భర్త దగ్గర అంబులెన్సుల్లో బట్టలు కత్తిరించే మొండి మూతి కత్తెర ఉంది. అలాంటిదానికి కొన్ని చోట్ల ఒప్పుకుంటారు. అతను అది కూడా ముందురోజే దుకాణంలో చూపించి, సరేనన్నాకే జేబులో పెట్టుకున్నాడు. నేనూ ఒకటి కొనుక్కున్నాను. కత్తి ఠీవి దానికి లేదు. పిక్కన కత్తి మోజులో సగం పాత సినిమాల పుణ్యమే. 1965 నాటి జేమ్స్ బాండ్ 'థండర్‌బాల్'లో నీళ్లలో అంత కత్తి యుద్ధం చూశాక ఎవడికి కత్తెర ఆనుతుంది?

నీళ్లలోనే కాదు, ఒడ్డునా కత్తికి చట్టం ఉంది. బ్రిటన్‌లో మూడంగుళాలు మించని మడత కత్తి తప్ప ఏ కత్తి బహిరంగ స్థలంలో దగ్గరున్నా సరైన కారణం చూపాలి. డైవ్‌కి వెళ్తున్నప్పుడు కారణం ఉన్నట్టే, వారం తర్వాత కారులో మర్చిపోయిన కత్తికి అదే కారణం చెప్పుకోవడం కష్టం. జపాన్‌లో 2008లో టోక్యో అకిహబరాలో జరిగిన కత్తిపోటు హత్యల తర్వాత, రెండు వైపులా పదునుండి 5.5 సెంటీమీటర్లు దాటిన బాకుల్ని ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమైంది, డైవర్ల కత్తులు కొన్ని ఆ కొలతలోకి వచ్చేశాయి. మళ్లీ నీళ్లలోకి వస్తే, కరీబియన్‌లోనే ఇంకో దీవి బొనెయిర్‌లో గ్లోవ్స్ నిషేధమే, పైగా ఎంత పాత డైవర్ అయినా ముందు పాఠం విని, ఒక పరీక్ష డైవ్ చేశాకే సముద్రం. వందల డైవ్‌లు చేసినవాళ్లకి ఇది చిన్నతనంగా ఉంటుందట. నా వేలు చూపించాలి వాళ్లకి.

రెండో డైవ్‌కి ముందు పడవ ఒడ్డు చేరి గంటసేపు ఆగింది. ఒంట్లో చేరిన నైట్రోజన్ కొంత బయటికి పోవాలి. గైడ్ ఓ పైనాపిల్ తీసి బల్ల మీద పెట్టాడు. పడవలో ఉండే కత్తి కోసం వెతికారు, దొరకలేదు. సరంగు నా వైపు చూసి, తువ్వాలు మూట ఎత్తి, కనుబొమ్మలు ఎగరేశాడు. తలూపాను. రంపపు పళ్ల వైపుతో తొక్క చెక్కాడు, పదును వైపుతో ముక్కలు కోశాడు.

మూడు రోజుల్లో ఆరు డైవ్‌లు. నా కత్తికి పైనాపిల్ పని మూడు సార్లు పడింది. హ్యూస్టన్ వచ్చి చెకిన్ సామాను విప్పితే ఒర లోపల ఇంకా జిగటగానే ఉంది, చీమలు అప్పుడే దారి కనిపెట్టేశాయి.