జబర్తీ చూసిన ఫ్రెంచి విజ్ఞానం

ఈజిప్టు చరిత్రకారుడు అబ్దుర్రహ్మాన్ అల్ జబర్తీ (1753-1825) పేరు వినగానే చాలామందికి ఒకే ఘట్టం స్ఫురిస్తుంది. 1798లో నెపోలియన్ సైన్యం కైరోను ఆక్రమించింది. ఆ ఆగస్టులోనే అక్కడ ఒక విజ్ఞాన సంస్థ వెలిసింది. జబర్తీ దానిని సందర్శించారు. ద్రవాలను కలిపితే రంగురాయిగా గట్టిపడటం, చిటికెడు పొడిని సుత్తితో కొడితే తుపాకీ పేలినట్లు మ్రోగటం, విద్యుద్యంత్రం తాకితే ఒళ్ళు అదరటం చూశారు. ఇవి మనవంటివారి బుద్ధికి అందనివని వ్రాశారు. ఆ ఒక్క మాటను ఆధారం చేసుకొని, నిద్రిస్తున్న తూర్పును ఫ్రెంచి విప్లవం మేల్కొలిపిందని కొందరు తీర్పు చెప్పారు. దానికి జవాబుగా మరికొందరు ఆయనను కేవలం ఆక్రమణను నిరసించిన దేశభక్తునిగా చిత్రించారు. ఆయన ప్రసిద్ధ గ్రంథం 'అజాయిబుల్ ఆసార్'ను పూర్తిగా చదివినవారు ఈ రెండింటితోనూ ఏకీభవించలేరు.

మొదటి వాదనకు సమాధానం ఆ గ్రంథంలోనే వుంది. జబర్తీ తండ్రి షేఖ్ హసన్ గణిత, ఖగోళ శాస్త్రాలలో దిట్ట. హిజ్రీ 1159లో (క్రీ.శ. 1746) ఐరోపా విద్యార్థులు వచ్చి ఆయనవద్ద రేఖాగణితం నేర్చుకున్నారనీ, స్వదేశానికి వెళ్ళి ఆ విద్యను యంత్రాల రూపంలో ఆచరణలో పెట్టారనీ కుమారుడు నమోదు చేశారు. అంటే మనకు విద్య లేకపోలేదు; దానిని పనిలోకి దింపే ప్రయత్నమే కొరవడింది. జబర్తీ ఆశ్చర్యం వెనుక ఈ బాధ కూడా వుందని గుర్తించాలి.

విజ్ఞానం విప్లవపు కానుక అనటం కూడా తొందరపాటే. 1793లో పారిస్ విజ్ఞాన అకాడమీని రద్దు చేసింది ఆ విప్లవమే. 1794 మే 8న రసాయన శాస్త్రవేత్త లవోజియే తల నరికించిందీ అదే. ఆయనతో కలిసి 1787లో రసాయన పదార్థాలకు కొత్త పేర్లు నిర్ణయించిన బెర్తొలే, నాలుగేళ్ళ తర్వాత నెపోలియన్ వెంట కైరో వచ్చాడు. అయితే 1794 డిసెంబరులో మూడు ఆరోగ్య విద్యాలయాలను స్థాపించి, వైద్యాన్నీ శస్త్రచికిత్సనూ ఒకే విద్యగా బోధించే ఏర్పాటు చేసింది కూడా విప్లవ ప్రభుత్వమే. రెండు విషయాలనూ చెప్పటమే న్యాయం.

జబర్తీ గొప్పతనం ఈ న్యాయంలోనే వుంది. ఆక్రమణ తొలి నెలలను గురించిన చిన్న గ్రంథంలో ఆయన నెపోలియన్ అరబీ ప్రకటనను మాట మాటా విప్పి, వ్యాకరణ దోషాలనూ, భావంలోని కపటాన్నీ ఎండగట్టారు. 1798 అక్టోబరు తిరుగుబాటులో సైనికులు గుర్రాలతో అల్ అజ్హర్ మసీదులో ప్రవేశించి, పవిత్ర గ్రంథాలను తొక్కిన వైనాన్ని దాచలేదు. అదే కలం ఫ్రెంచివారి గ్రంథాలయాన్నీ, అక్కడి సామాన్య సైనికుని చదువు శ్రద్ధనూ మెచ్చుకున్నది. ముఖ్య వైద్యుడు డెజెనెట్ మశూచిపై వ్రాసిన చిన్న పుస్తకాన్ని అరబీలో ముద్రించి దివాన్ సభ్యులకు పంచినప్పుడు, ఆ విషయంలో అది మంచి రచనే అన్నది. దౌర్జన్యాన్ని చూసి విద్యను తిరస్కరించలేదు. విద్యను చూసి దౌర్జన్యాన్ని క్షమించలేదు.

అయినా ఒక లోపం చెప్పక తప్పదు. ఆయన చూసిన ఫలితాన్ని చక్కగా వర్ణించారు గాని కారణం జోలికి పోలేదు. ఆ సీసాలో ఏముంది, ఆ పొడి ఎలా తయారవుతుంది అనే ప్రశ్నలు ఆ పుటలలో కనిపించవు.

ఆ ప్రశ్నలవైపు అడుగు వేసినవారు ఆయన మిత్రుడు షేఖ్ హసన్ అల్ అత్తార్. ఫ్రెంచి పండితులకు అరబీ నేర్పుతూ వారి విద్యలను పరిచయం చేసుకున్న ఆయన, తర్వాత అల్ అజ్హర్ ప్రధాన షేఖ్ అయ్యారు. 1827లో అబూ జాబల్‌లో ఫ్రెంచి వైద్యుడు క్లో బే నాయకత్వాన వైద్య విద్యాలయం ప్రారంభమైంది. విద్యార్థులు ఎక్కువగా అల్ అజ్హర్ నుండి వచ్చినవారే. ఫ్రెంచి పాఠాలను అనువాదకులు అరబీలోకి తెస్తే, షేఖులు ఆ భాషను సరిదిద్దేవారు. పాత అరబీ వైద్య గ్రంథాల పదాలు కొత్త శరీరశాస్త్రానికి ఉపయోగపడ్డాయి.

ముప్పై ఏళ్ళలో ఈజిప్టు వింత చూడటం నుండి పాఠం చదవటం దాకా నడిచింది. ఆ నడక ఫిరంగులవల్ల సాధ్యం కాలేదు. అనువాదకుడూ షేఖూ ఒకే బల్లవద్ద కూర్చోవటంవల్ల సాధ్యమైంది. అధికారంతో కలిసివచ్చే విద్యను ఎలా చూడాలో మనకు జబర్తీ నేర్పారు. దానిని ఎలా స్వంతం చేసుకోవాలో తెలియాలంటే అబూ జాబల్ చరిత్రను కూడా చదవాలి.