బొమ్మ అనే మెచ్చుకోలు

భీష్మ ఏకాదశి కల్యాణానికి రామతీర్థం వెళ్ళినప్పుడు గుడి ముందు దుకాణాల వరసలో ఒక పటాల కొట్టు దగ్గర ఆగాను. రాముడి పటాల పక్కనే తామరపువ్వులో నిలబడ్డ లక్ష్మి. ఎర్ర చీర, జరీ అంచు, గుండ్రటి తెల్లటి మొహం, పలచటి నవ్వు. నా పక్కన పదిహేనేళ్ళ కూతురితో నిలబడ్డ ఒకావిడ పటం బేరమాడుతూ, మధ్యలో పిల్ల వైపు తిరిగి, "ఎండలో తిరిగి బొగ్గయిపోనావే, లచ్చిందేవినాగ ఉండాల్సిన పిల్లవి!" అంది. పిల్ల నవ్వేసింది. పటం అద్దంలో తన మొహం కనిపిస్తుంటే కొంచెం పక్కకి జరిగింది.

ఆ పక్కకి జరగడం నన్ను వదల్లేదు. ఆ పటంలోని ఆవిడ ఎవరు? ఎక్కడినుంచి వచ్చింది? నూట ముప్పై ఏళ్ళయినా నెల్లిమర్ల పక్క పల్లెలో ఒక పిల్ల ఆవిడతో పోటీపడి ఎందుకు ఓడిపోవాలి?

జవాబులో సగం అందరికీ తెలిసిందే. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టాడు. అంతవరకూ రాజమహళ్ళలో ఉన్న తైలవర్ణ చిత్రాలు రంగుల అచ్చులై మామూలు ఇళ్ళలోకి వచ్చాయి. గుడిలో అడుగుపెట్టనివ్వని కులాల వాళ్ళకి కూడా దేవుడి మొహం గోడ మీద దొరికింది. ఇది చిన్న విషయం కాదు. రవివర్మని తిట్టడం తేలిక గనక ముందే చెబుతున్నాను. అయితే దేవుడితో పాటు ఇంకోటి కూడా వచ్చింది: ఒక ఆడమనిషి. యూరోపు చిత్రకళ నేర్పిన వెలుగునీడలు, కుచ్చిళ్ళ చీర, ఎండ తగలని చర్మం, పని చెయ్యని చేతులు. లక్ష్మీ ఆవిడే, దమయంతీ ఆవిడే, శకుంతలా ఆవిడే.

సరిగ్గా అదే దశాబ్దంలో అమెరికాలో చార్లెస్ డానా గిబ్సన్ కలంగీతలతో ఒక అమ్మాయిని తయారుచేశాడు. సన్నటి నడుము, పైకి ఎత్తి కట్టిన జుట్టు, కాస్త పొగరు చూపు. పత్రికల్లోంచి పింగాణీ పళ్ళేల మీదకి, గోడ కాగితాల మీదకి ఎక్కింది. దేశంలోని ఆడపిల్లలంతా ఆవిడలా ఉండాలనుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యేసరికి ఆవిడ పాతబడిపోయింది. కురచ జుట్టు, కురచ గౌను అమ్మాయిలు వచ్చారు.

మన ఆవిడ మాత్రం పాతబడలేదు. కారణం చాలా సులువు. గిబ్సన్ అమ్మాయి ఫ్యాషన్, రవివర్మ అమ్మాయి దేవత. ఫ్యాషన్‌ని పక్కన పడేయొచ్చు, పూజగదిలో పటాన్ని ఎవరు తీస్తారు? రోజూ దణ్ణం పెట్టే మొహం అందానికి కొలత అయిపోతే, ఆ కొలతని ప్రశ్నించడం అందం గురించిన గొడవలా ఉండదు. అపచారంలా ఉంటుంది.

ఇక మిగతా సగం జవాబు. దానికోసం విజయనగరం వెళ్ళాలి.

అచ్చుయంత్రానికి రెండేళ్ళ ముందు, 1892లో, ఆ ఊళ్ళో 'కన్యాశుల్కం' ఆడారు. 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకంలా మళ్ళీ వచ్చింది. అందులో మొదటి రంగంలోనే ఫొటోగ్రాఫు పంతులు నౌకరు బాకీ వసూలుకి గిరీశం వెంటపడతాడు. ఆ చిన్న సన్నివేశాన్ని మనం నవ్వుకుని వదిలేస్తాం గానీ, అందమంటే బొమ్మగా పట్టుకుని దగ్గర పెట్టుకునే సరుకు అనే కొత్త మోజు అప్పటికే బొంకులదిబ్బ దాకా వచ్చిందని గురజాడకి తెలుసు. అదీ అప్పు మీద.

మరి ఆయన మధురవాణి ఎలా ఉంటుంది? ఆలోచించి చూడండి. మనకి ఆమె మాటలు గుర్తుంటాయి, మొహం గుర్తుండదు. 1955 సినిమా చూసినవాళ్ళకి సావిత్రి గుర్తొస్తుంది, అది వేరే సంగతి. నాటకంలో ఆమె అందం జీవనోపాధి, కానీ ఆమె బలమంతా నోట్లో ఉంది. చివరికి సౌజన్యారావు పంతులు దగ్గరికి వెళ్ళేటప్పుడు మగవేషం వేసుకుని వెళ్తుంది. నాటకంలోకెల్లా పెద్ద వాదన చెయ్యాల్సొచ్చినప్పుడు తన బొమ్మని గుమ్మం బయట పెట్టి, మాటతో లోపలికి వెళ్తుంది. ఆ తర్వాతే తను ఎవరో చెబుతుంది.

అదే గురజాడ 'పుత్తడి బొమ్మ పూర్ణమ్మ'లో ఇంకో పని చేశాడు. బొమ్మ అనేది తెలుగులో అందానికి పెద్ద మెచ్చుకోలు. ఆయన ఆ మెచ్చుకోలునే తీసుకుని పుత్తడి పక్కన పెట్టాడు. పుత్తడికి ధర ఉంటుంది, బొమ్మకి నోరు ఉండదు. ధర కట్టి ముసలివాడికి ఇచ్చేశారు, పిల్ల చెరువులో కలిసిపోయింది. పాట విని కళ్ళు తుడుచుకున్నాం గానీ, ఆ మాటలో ఉన్న ప్రమాదాన్ని మాత్రం పట్టించుకోలేదు. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో 'పుత్తడి బొమ్మలా ఉంది' అని ముచ్చటపడతాం. ఏ పిల్ల పేరు తలుచుకుంటున్నామో గుర్తు లేకుండానే.

అంటే ఒకే కాలంలో రెండు దారులు పడ్డాయి. ఒకటి స్త్రీని బొమ్మని చేసింది, ఇంకోటి ఆమెకి నోరిచ్చింది. ఏది గెలిచిందో కేలండర్లు చెబుతాయి.

ఇక్కడ వడ్డాది పాపయ్యని తలుచుకోకపోతే అన్యాయం. 1921లో శ్రీకాకుళంలో పుట్టాడు. దశాబ్దాల పాటు 'చందమామ', 'యువ' ముఖచిత్రాలతో తెలుగు ఇళ్ళలోకి వచ్చాడు. రవివర్మ చమురు రంగుల బరువుని వపా నీటిరంగుల్లో కరిగించేశాడు. ఆయన స్త్రీలు నేలకి ఆనరు, రాగంలానో ఋతువులానో తేలుతారు. నాకు చాలా ఇష్టం. కానీ ఇష్టంగా చూస్తూనే ఒకటి గమనించాను: అరమోడ్పు కన్నులతో వాళ్ళు ఎటో చూస్తుంటారు, మనల్ని దాదాపు చూడరు. మనం చూడ్డానికి వాళ్ళున్నారు. బాపు దగ్గరికి వచ్చేసరికి గీత తేలికయింది, పిల్లకి కాస్త గడుసుతనం వచ్చింది, పెద్ద కళ్ళు పెట్టి మొగుణ్ణి నిలదీసింది కూడా. అయినా జనం నోట్లో పడేసరికి 'బాపు బొమ్మ' అయింది. మళ్ళీ బొమ్మే. గడుసుతనం రాలిపోయి, జడా నడుమూ మిగిలాయి.

విజయనగరంలోనే ఉన్న చాసో ఈ వ్యవహారాన్ని తలకిందులు చేసి చూపించాడు. 'ఎంపు' కథలో బిచ్చగాళ్ళ పెళ్ళి ఎంపిక. అక్కడ అందం ఊసే లేదు, ఏ అవిటితనానికి ఎక్కువ ముష్టి వస్తుందన్నదే లెక్క. చదివి ఉలిక్కిపడతాం. కానీ ఆ తండ్రి లెక్కకీ, రంగు, ఎత్తు, ఫొటో పెట్టి పంపే మన పెళ్ళి బయోడేటాకీ తేడా ఎంత? ఒంటికి ధర కట్టడం రెండుచోట్లా ఉంది. చాసో పాత్రలు దాన్ని పైకి అనుకుంటాయి, అంతే.

అందాన్ని వద్దనమని కాదు నా గొడవ. నల్లపిల్లని కూడా బొమ్మని చేసి, 'డస్కీ' అని పేరు పెట్టి, ఫిల్టరు వేసి పోస్టు చేస్తే రంగు మారుతుంది గానీ చట్రం అదే. చూపు ఎవరిది, మాట ఎవరిది అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నని 1909 నాటికే మా ప్రాంతం నాటకంగా రాసి పెట్టింది. మనం దాన్ని క్లాసిక్ అని దండ వేసి, లక్ష్మి పటం కొనుక్కుని ఇంటికొచ్చాం.

రామతీర్థంలో ఆ తల్లి చివరికి పటం కొంది. మొయ్యమని కూతురికిచ్చింది. పిల్ల దాన్ని అద్దం లోపలివైపుకి తిప్పి, ఛాతీకి ఆనించి పట్టుకుని, కొండ వైపు చూపిస్తూ ఏదో గట్టిగా వాదిస్తూ నడిచింది. ఏం వాదిస్తోందో జనం గోలలో నాకు వినపడలేదు. తల్లి మాత్రం వింటోంది.