మనోవ్యాధి ననుభవించినవారి గ్రంథములు

మనోవ్యాధిపీడితులు తమ యనుభవములను గూర్చి వ్రాసిన పుస్తకములను ముద్రించువారు సామాన్యముగా నొక నియమమును పాటించుచుందురు. కథ స్వస్థతతో ముగియవలెను. రోగి యింటికి మరలివచ్చి, ఉద్యోగమున గుదురుకొని, వైద్యునకు గృతజ్ఞత దెలిపిన పిమ్మటనే యాతని మాటకు విలువ. కాని తీవ్రమైన మనోవ్యాధి పెక్కుర విషయమున వచ్చి పోవు జ్వరము వంటిది కాదు. తగ్గుచు, మరల బొడసూపుచు జీవితమంతయు వెన్నంటి యుండవచ్చును. అట్టివారికి ఈ పుస్తకము లేమి చెప్పగలవు?

అమెరికా దేశీయుడగు క్లిఫర్డ్ బీర్స్ 1908లో ప్రకటించిన స్వీయచరిత్రను జూడుడు. యేల్ విశ్వవిద్యాలయ పట్టభద్రుడగు నాతడు 1900లో ఆత్మహత్యకు యత్నించి, బ్రదికి, మూడేండ్లు చికిత్సాలయములలో గడపెను. తన్ను జూడవచ్చు సోదరుడు నిజమైన సోదరుడు కాడనియు, ఆ వేషము దాల్చిన గూఢచారి యనియు రెండేండ్లు నమ్మెను. తుదకు సోదరుని యింటి చిరునామాకు రహస్యముగా నొక జాబు పంపి, నీవు నిజముగా నా సోదరుడవైనచో ఈ జాబునే చేతబట్టుకొని రమ్మని వ్రాసెను. జాబుతో సోదరుడు వచ్చెను, భ్రమ విడిపోయెను. ఎవరి వాదములును జేయలేని పనిని రోగి తన పరీక్షచేతనే చేసికొనెను. ఉన్మాదమున దర్కము నశింపదు. తప్పు పునాదిమీద సక్రమముగనే నడచును. ఇంట రోగితో వాదించి వాదించి విసిగినవారు ఈ పుటలను రెండుమారులు చదువదగును.

విలియం జేమ్సు లేఖయే యీ గ్రంథమునకు బీఠిక. అది వెలువడిన యేడే కనెక్టికట్ రాష్ట్రమున మానసికారోగ్య సంఘమును, 1909లో జాతీయ సమితియు నేర్పడినవి. ఇంత మేలుచేసిన పుస్తకము లరుదు. అయినను దాని పేరు మనస్సు తన్ను దాను కనుగొనెనని చాటుచున్నది. గ్రంథకర్తయో 1939లో మరల చికిత్సాలయమున జేరి, 1943లో నచ్చటనే మరణించెను. సంస్కరణోద్యమమునకు విజయగాథ కావలసి వచ్చినది. ఆ గాథకు బీర్సు కొంత బందీ యయ్యెనేమో యని నా యనుమానము.

జర్మనీ న్యాయాధిపతి డానియేల్ పౌల్ ష్రేబర్ 1903లో ప్రకటించిన గ్రంథము దీనికి విరుద్ధము. దైవకిరణములు తన నరములతో సంభాషించుచున్నవను నమ్మకమును విడువకయే యాతడు దానిని వ్రాసెను. డ్రెస్డెన్ న్యాయస్థానము 1902లో, ఆతనికి మతి చెడినదని యొప్పుకొనుచునే, తన వ్యవహారములను దాను నడుపుకొనగలడని తీర్పుచెప్పినది. చదువుట కష్టము, విసుగును గలదు. కాని స్వస్థుడను పట్టా లేకయే మాటాడిన మనుష్యుని కంఠ మిందు వినబడును. (1911లో దీనిపై విపులముగా వ్రాసిన ఫ్రాయిడ్ ఆతని నెన్నడును జూడలేదు. పుస్తకమే చాలినది!)

ఇందు మూడవ యధ్యాయము లేదు. అది కుటుంబసభ్యులను గూర్చినది. అచ్చున కర్హము కాదని విడిచితిమని గ్రంథముననే చెప్పిరి. విడుచుట తప్పని నే ననను. ఆ పేరులవారికిని మానమున్నది. విడిచిన చోటును జూపిరి గనుక ముద్రాపకులు నిజాయితీపరులే.

మన యిండ్లలో నీ చిక్కు మరింత బిగువు. చెల్లెలి పెండ్లి చెడునని యన్న రోగమును దాతురు. హైదరాబాదు నెఱ్ఱగడ్డ పేరు పరిహాసపు మాటగా వాడుదురు. చికిత్సలోనున్నవారి వివరములను వారి సమ్మతి లేక పత్రికల కీయరాదని 2017 నాటి చట్టము శాసించుచున్నది. మంచిదే. కాని రోగియే తన పేరుతో వ్రాయగోరి, ఇంటివారు వలదన్నచో నేమి చేయవలెను? ఇతరుల పేరులు మార్చవచ్చును, ఘట్టములు విడువవచ్చును. వ్రాసినవారి పేరును మాత్రము ఇంటివారి కోరికపై దీసివేయరాదు. ఇంకను మందులు మ్రింగుచున్న స్త్రీ తన వ్రాతప్రతిని దెచ్చినప్పుడు, నయమైన పిదప రమ్మని పంపివేయక, ఉన్నదానిని ఉన్నట్లచ్చువేసి, రెండవ కూర్పున జేర్చుటకు గొన్ని పుటలు మిగిల్చెదమని యామెతో జెప్పవచ్చును.