ముందు రొట్టె, తర్వాత మాట

శుక్రవారం ఉపవాస కూటం అయ్యాక చాపలు మడతపెడుతుంటే ఒకావిడ స్తంభం పక్కనే కూర్చుండిపోయింది. "పాస్టరమ్మగారూ, తెల్లారుతోందంటేనే భయమేస్తోంది. నాకెవరూ లేరండి" అంది. నేను వెంటనే బైబిలు తెరిచి ఒక వాగ్దానం చదివాను. తలమీద చెయ్యి వేసి ప్రార్థన చేశాను. విశ్వాసంలో బలపడమ్మా అని చెప్పి పంపేశాను. అంతా కలిపి పది నిమిషాలు. ఆవిడ వందనాలని తలొంచుకుని వెళ్లింది. ఆ తర్వాత రెండు నెలలు మందిరానికి రాలేదు.

పదేళ్లయినా ఆ తలొంచుకోవడం గుర్తొస్తే గుండె కలుక్కుమంటుంది. చదివిన వాక్యం మంచిదే. చదివిన వేళే మంచిది కాదు.

ఆ రెండు నెలల్లోనే ఏలీయా కథ మళ్లీ చదివాను. సండే స్కూల్లో మాకు కర్మెలు కొండ మీద అగ్ని దిగిన దగ్గర కథ ఆపేసేవాళ్లు. నాకు కావలసింది దాని తర్వాతి అధ్యాయంలో ఉంది, రాజుల మొదటి గ్రంథం 19లో. అంత విజయం చూసిన ప్రవక్త యెజెబెలు రాణి పంపిన ఒక్క బెదిరింపుకు ప్రాణభయంతో పరుగెత్తాడు. బెయేర్షెబాలో పనివాణ్ని కూడా వదిలేసి, ఒంటరిగా ఎడారిలో ఒక రోజు నడిచి, చెట్టు కింద కూలబడి చావు కోరుకున్నాడు. మన బైబిల్లో బదరీ వృక్షమని ఉంటుంది గానీ హీబ్రూలో ఉన్న రోతెం మన రేగుచెట్టు కాదు, ఎడారి పొద. కూర్చుంటే నీడ కూడా సరిగా పట్టదు.

అక్కడ ఆయన్ని ఎవరూ మందలించలేదు. దూత తట్టి లేపితే చూశాడు, నిప్పుల మీద కాల్చిన రొట్టె, తాగడానికి నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. పడుకోనిచ్చారు. మళ్లీ లేపి మళ్లీ పెట్టారు, ముందున్న దారి ఆయన ఓపికకు మించిందని చెప్పి. అక్కడినుంచి హోరేబు కొండకు నలభై రోజులు నడిచాకే, ఇక్కడ నీకేం పని అన్న ప్రశ్న వచ్చింది. తానొక్కడే మిగిలానని చెప్పుకున్నాడు. పెనుగాలి, భూకంపం, మంట, ఆ తర్వాత సన్నని స్వరం. మళ్లీ అదే ప్రశ్న. ఆయన కూడా మళ్లీ అదే జవాబు, దాదాపు మాట మారకుండా! ఒకే బాధను రెండోసారి చెప్పినా దేవుడు విసుక్కోలేదు. ఎలీషాను తోడిచ్చాడు. బయలు దేవతకు మోకరించనివాళ్లు ఇంకా 7,000 మంది ఉన్నారని చెప్పాడు.

అప్పుడే చేరిన కౌన్సెలింగ్ తరగతుల్లో ఆరన్ బెక్ గురించి విన్నాను. ఫిలడెల్ఫియాలో మానసిక వైద్యుడు. దిగులుతో వచ్చినవాళ్ల మనసుల్లో కొన్ని తలపులు వాటంతటవే మెదులుతాయనీ, రుజువు లేకపోయినా వాళ్లు వాటిని నిజాలని నమ్మేస్తారనీ 1960లలో గమనించాడు. ఆ తలపును బయటికి తీసి, దానికి ఆధారమేమిటని రోగితో కలిసి వెతకడమే ఆయన చూపిన దారి. నేనొక్కడినే అన్న తలపు పక్కన 7,000 అన్న లెక్క పెట్టడం నాకు ఆ పనిలాగే కనిపిస్తుంది. కానీ హోరేబులో ఆ లెక్క తిండి, నిద్ర, వినడం అన్నీ అయ్యాక, చిట్టచివర వచ్చింది. మన సంఘాల్లో మనం దాంతోనే మొదలుపెడతాం.

ఇప్పుడు ఎవరొచ్చినా ముందు "తిన్నావా, రాత్రి నిద్రపట్టిందా" అని అడుగుతాను. వారాల తరబడి రెండూ లేకపోయినా, చావు మాట వినబడినా, డాక్టరు దగ్గరికి తోడు వెళతాను. ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416 మా మందిరం బోర్డు మీద రాయించాం. మందులు వేసుకుంటే విశ్వాసం లేనట్టేనా అని కొందరు బెంగగా అడుగుతారు. మా అయ్యగారు రోజూ షుగరు మాత్ర వేసుకునే వాక్యం చెప్పడానికి నిలబడతారని చెబుతాను.

అప్పుడు తలొంచుకుని వెళ్లినావిడ ఇంటికి నేనే వెళ్లాను, క్యారేజీలో అన్నం, పప్పు పట్టుకుని. మొదటిసారి ఏమీ మాట్లాడలేదు. రెండోసారి ఏడ్చింది. నాలుగోసారి వెళ్లినప్పుడు పిల్లవాడి నోటుపుస్తకంలో "నాకెవరూ లేరు" అని ఆవిడ చేతే రాయించి, కిందటేడు జ్వరమొచ్చినప్పుడు గడప తొక్కినవాళ్లు ఎవరో దాని పక్కన రాయమన్నాను. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. నాలుగు పేర్లు రాసింది. నాలుగోది పక్కింటావిడ పేరు. వాళ్లిద్దరికీ ఆరు నెలలుగా మాటల్లేవట.