కాలితో ఒళ్లు పట్టే విద్య

తలపైన అడ్డంగా కట్టిన తాడు. కింద చాప మీద ఒళ్లంతా నూనె పట్టించుకుని బోర్లా పడుకున్న మనిషి. గురువు, అక్కడివాళ్ల మాటలో గురుక్కళ్, తాడు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడతాడు. రెండో పాదాన్ని అతని చేతివేళ్ల కొసన ఆనించి, భుజం మీదుగా, వెన్ను పక్కగా, తొడ వెనకగా కాలివేళ్ల దాకా ఒక్క ఊపులో లాగేస్తాడు. నడుమ ఎక్కడా తెగదు. కేరళ యుద్ధవిద్య కలరిపయట్టులో దీన్ని చవిట్టి ఉళిచ్చిల్ అంటారు. మర్దన పద్ధతులు ఎన్నయినా ఉండనీ, మంచి కాలు కింద పడుకున్నవాళ్లకు ఇక మరొకటి ఆనదు.

కిటుకంతా తాడులో ఉంది. ఒంటి బరువులో ఎంత పాదంలోకి దింపాలో, ఎంత తాడు మీద ఆపాలో గురుక్కళ్ క్షణక్షణం తేల్చుకుంటాడు. తొడ మీద అరికాలు వెడల్పుగా పరుచుకుంటుంది. వెన్నెముక పక్కకు వచ్చేసరికి పాదం అంచు పని అందుకుంటుంది. మోకాలి వెనక గుంటలో బరువు దాదాపు మాయమవుతుంది. ఒంట్లో 107 మర్మస్థానాలున్నాయని ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు చెప్పాడు. ఎక్కడ నొక్కకూడదో తెలియడమే ఇందులో సగం విద్య. మర్మం మీద కొట్టడం నేర్చినవాడికి దెబ్బతిన్నవాణ్ని లేపడమూ తెలిసి ఉండాలని కలరి పెద్దల పట్టుదల.

ఈ మర్దనలో మూడు రకాలున్నాయి. హాయి కోసం సుఖ తిరుమ్ము, సాధకుడి ఒళ్లు వంగడానికి కచ్చ తిరుమ్ము, జబ్బులకూ దెబ్బలకూ రక్ష తిరుమ్ము. నూనె అవసరాన్ని బట్టి మారుతుంది: నొప్పులకు కొట్టంచుక్కాది, దెబ్బలకు మురివెణ్ణ. సాధారణంగా ఏడు రోజులో పద్నాలుగు రోజులో వరసగా చేస్తారు, ఆ తర్వాత విశ్రాంతి, పథ్యం. వానాకాలం, అందులోనూ కర్కాటక మాసం, దీనికి అసలైన అదను.

మరి ఇలాంటి కాలు ఎలా తయారవుతుంది? మర్దన బల్ల చుట్టూ నిలబడి మాత్రం కాదు. నేలలోకి తవ్విన సాధనశాల కలరిలో, తెల్లవారకముందే. ఏనుగు, సింహం, గుర్రం, పంది, పాము, కోడి, పిల్లి, నెమలి అనే ఎనిమిది వడివుల్లో, అంటే భంగిమల్లో, ఒంటిని నేలబారుగా వంచి, మెయ్‌పయట్టు అనే కసరత్తు వరసలు ఏళ్ల తరబడి చెమటోడ్చి చేయాలి. తన తుంటి కీలు ఎక్కడ బిగుస్తుందో తనకే తెలియనివాడు ఎదుటివాడి తుంటిని ఏం సడలిస్తాడు? అందుకే చాలామంది గురుక్కళ్‌లు కర్ర, కత్తి దాటాకగానీ మర్దన జోలికి రానివ్వరు.

కథాకళి గురువులకూ ఇది తెలుసు. 1930లో మహాకవి వళ్ళత్తోళ్ నెలకొల్పిన కళామండలంలో వానాకాలపు వేకువన ఆశాన్లనే ఆ గురువులు విద్యార్థుల తుంటినీ వెన్నునూ కాలితోనే తీర్చిదిద్దుతారు. రాత్రంతా వేదిక మీద మోకాళ్లు వంచిన ఆ భంగిమ నిలబడుతున్నదంటే పుణ్యం ఆ పాదాలదే.

బ్రిటిషు కాలంలో ఈ విద్య అణగారిపోయిందంటారు. మళ్లీ లేచిందంటే తలశ్శేరి ప్రాంతంలో కోట్టక్కల్ కణారన్ గురుక్కళ్, ఆయన శిష్యుడు సి.వి. నారాయణన్ నాయర్ చలవే. 1956లో గోవిందన్‌కుట్టి నాయర్ తిరువనంతపురం తూర్పుకోటలో సి.వి.ఎన్. కలరి కట్టారు. అక్కడ ఉదయం సాధన ముగిశాక గురువు చికిత్సకు కూర్చుంటాడు. అమెరికన్ రంగస్థల దర్శకుడు ఫిలిప్ జరిల్లి 1970లలో వెతుక్కుంటూ వచ్చింది ఈ గుమ్మానికే. ఇక వడకరలో మీనాక్షి అమ్మ! ఏడో ఏట కలరిలో అడుగుపెట్టి, డెబ్బై దాటాక కూడా చీర కుచ్చెళ్లు దోపి కుర్రాళ్లతో కత్తి కలిపిన ఆమెకు 2017లో పద్మశ్రీ వచ్చింది. చావక్కాడు గురుక్కళ్ శంకరనారాయణ మీనన్‌కు 2022లో, తొంభై దాటిన వయసులో వచ్చింది. మోకాళ్ల నొప్పులని అరవైలోనే మూలుగుతున్న మనం వీళ్లను చూసి సిగ్గుపడాలి.

ఇప్పుడు మన ఊళ్లలో వెలసిన ‘కేరళ మసాజ్’ బోర్డులు చూడండి. గోరువెచ్చని నూనె, వెదురు పిల్లనగ్రోవి పాట, నాలుగు వారాల కోర్సు చేసివచ్చిన చేతులు. వాటి వెనక సాధనా లేదు, గురువూ లేడు. జ్వరమా, గర్భమా, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టిన జబ్బేమైనా ఉందా అని అడిగే ఓపిక అసలే లేదు. గడ్డ ఉన్న కాలిని బలంగా తోమితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం తీయగలదు. సుగంధం పూసిన ఈ అజ్ఞానాన్ని సంప్రదాయమని అమ్మడం పచ్చి మోసం. కేరళ పర్యాటక శాఖ ఆయుర్వేద కేంద్రాలకు గుర్తింపులిస్తుంది. అవి మన వీధి చివరి బోర్డుకు పూచీపడవు.

ఒంటి సాధనా వైద్యమూ ఒకే మనిషిలో ఉండటం మనకూ కొత్త కాదు. హైదరాబాద్ పాతబస్తీలో పహిల్వాన్లు ఎముకలు కట్టడం ఇప్పటికీ ఉన్నదే. వాళ్లు కుస్తీ నేర్చే తాలీంలు కూడా కళ్లముందే జిమ్ములకు చోటిచ్చి తప్పుకుంటున్నాయి. పర్యాటకం పేర రిసార్టుల మీద డబ్బు గుమ్మరించే ప్రభుత్వాలు అందులో కొంతైనా కలరి గురువులకూ తాలీం ఉస్తాదులకూ ఇచ్చి, శిష్యులకు భృతి కట్టాలి. ఒళ్లు పట్టే వృత్తిలోకి రావాలనుకునే తెలుగు కుర్రాళ్లూ అమ్మాయిలూ సర్టిఫికెట్టు కోసం తొందరపడకుండా ముందు ఒక మంచి కలరిలో చేరాలి. మర్దన ఎప్పుడు నేర్పుతారని మొదటి రోజే గురుక్కళ్‌ను అడక్కండి; ఆయన మిమ్మల్ని ముందు కాళ్లెత్తడం నేర్చుకోమంటాడు.