మైకు వెనక గుడ్డ

బెంగళూరు ఎస్.పి. రోడ్డుకు పాత మైకు పట్టుకెళ్తే మొదట వినపడే మాట: "లోపల కొత్త క్యాప్సూల్ వేసేద్దాం సార్, పది నిమిషాల పని." పైన పాత క్రోమ్ అలాగే మెరుస్తుంది, లోపల కొత్త సరుకు పలుకుతుంది. దాన్ని బాగుచేయడం అనడానికి నాకు మనసొప్పదు. ఆ మైకు గొంతు ఆ మైకుకే తిరిగి రావాలి.

1939లో ష్యూర్ కంపెనీ యూనిడైన్ తెచ్చింది. ఒకే ఎలిమెంటుతో, ఎదుటి గొంతును పట్టి వెనక శబ్దాన్ని వదిలేసే మొదటి డైనమిక్ మైకు అది. బెంజమిన్ బవర్ రూపకల్పన. అదే ఏడు ఇక్కడ చామరాజపేటలో ఎస్.వి. నారాయణస్వామి రావు సంగీత కచేరీలు జరిపే శ్రీరామసేవా మండలి మొదలుపెట్టారు. రామనవమి పందిట్లో త్యాగరాజ కీర్తన చివరి వరుసదాకా చేరాలంటే స్పీకరు శబ్దం మళ్లీ మైకులో దూరి కూత పెట్టకూడదు. అలాంటి పందిళ్లకు కావలసింది సరిగ్గా ఆ గుణమే.

ఆ గుణమంతా శబ్దాన్ని పట్టే క్యాప్సూల్ వెనక ఉన్న సన్నని దారుల్లో, వాటికి అడ్డుపెట్టిన గుడ్డలో ఉంది. వెనక నుంచి వచ్చిన శబ్దం డయాఫ్రం అనే కంపించే పొరకు రెండు వైపులా ఒకేసారి చేరి అక్కడే అణగిపోతుంది. మాసిందని గుడ్డ పీకేస్తే ఆ లెక్క తప్పుతుంది. దారులు గమ్ముతో మూసుకుపోతే మైకు నాలుగు దిక్కులా వింటుంది.

చాలాసార్లు పోయేది క్యాప్సూల్ కాదు. కనెక్టర్ దగ్గర టంకం ఊడి ఉంటుంది. మల్టీమీటర్ తగిలించగానే డయాఫ్రం సన్నగా టిక్కుమంటే కాయిల్ బతికున్నట్టే. (రిబ్బన్ మైకుకు మాత్రం మీటర్ పెట్టకండి; రెండు మైక్రాన్ల అల్యూమినియం రేకు మీటరు పంపే కరెంటుకే తెగిపోవచ్చు.) తర్వాత చూడాల్సింది అయస్కాంతం సందులో పేరుకున్న ఇనుప రజను. స్టీలు పట్టకారు పెడితే అయస్కాంతం లాగేసుకుంటుంది, పక్కనే వెంట్రుకంత కాయిల్ తీగ. టేపు అంచు మడిచి, జిగురు వైపుతో కొంచెం కొంచెంగా ఎత్తాలి.

క్రిస్టల్ మైకుల సంగతి వేరు. రోషెల్ ఉప్పు స్ఫటికం తేమకు కరిగిపోయిందంటే తిరిగిరాదు. అక్కడ కొత్త ఎలిమెంటు వేయక తప్పదు, నేనూ వేస్తాను.

కొత్తది వేయించుకున్నా సరే, తీసేసిన క్యాప్సూల్‌ను షాపులో వదిలేయకండి. గుడ్డతో సహా డబ్బాలో పెట్టి ఇవ్వమనండి. రేపు ఇంకెవరైనా దాన్ని పలికించగలరు.