విశాఖలో పుట్టిన తీరపు రాణులు

విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్ కోస్ట్‌గార్డ్ కోసం కట్టిన అయిదు గస్తీ నౌకలకూ రాణుల పేర్లే. 2012 జనవరిలో సేవలో చేరిన మొదటిది రాణి అబ్బక్క. పోర్చుగీసువారిని ఎదిరించిన ఉళ్లాల రాణి ఆవిడ. ఆ తర్వాత అవంతీబాయి, దుర్గావతి, గైడిన్ల్యూ వచ్చాయి. 2018 జూన్‌లో చేరిన అయిదోది రాణి రాసమణి. దక్షిణేశ్వర ఆలయం కట్టించిన ఆ జమీందారిణి, హుగ్లీ నదిలో చేపలు పట్టేవారిపై వేసిన పన్నును పట్టుబట్టి ఎత్తేయించిందని చెబుతారు. మత్స్యకారుల మధ్య తిరిగే నౌకకు తగిన పేరే.

రాసమణి పొడవు 51 మీటర్లు. ఒక్కొక్కటి 2,720 కిలోవాట్ల శక్తి గల మూడు డీజిల్ ఇంజన్లు దాన్ని 34 నాట్ల వేగంతో, అంటే గంటకు దాదాపు 63 కిలోమీటర్లు పరుగెత్తిస్తాయి. రోజూ అలాగే ఉరికితే ఇంధనం నిలవదు. అందుకే గస్తీ నింపాదిగా సాగుతుంది: 14 నాట్ల మీద 1,500 నాటికల్ మైళ్లు చుట్టగలదు. పరుగంతా ఆపద కబురు అందినప్పుడే.

ఈ నౌకకు ప్రొపెల్లర్ లేదు. అడుగు భాగం నుంచి సముద్రపు నీటిని లోపలికి పీల్చి, పంపుతో వెనక్కి బలంగా చిమ్ముతుంది; ఆ తోపుతోనే ముందుకు పోతుంది. ధార వెలువడే మూతిని పక్కకు తిప్పితే నౌక మళ్లుతుంది. మూతికి అడ్డంగా లోహపు డొప్పను దించితే ధార ముందువైపుకు తిరిగి, నౌక త్వరగా ఆగుతుంది, వెనక్కీ నడుస్తుంది. కింద వేలాడే రెక్కలు లేవు కాబట్టి లోతు తక్కువ నీళ్లలోకీ చొరబడగలదు. నీళ్లలో కొట్టుకుంటున్న మనిషిని సమీపించేటప్పుడు రెక్కల భయం ఉండదు. అలాగని చిక్కులు లేకపోలేదు. తెగిన వలలు, ప్లాస్టిక్ సంచులు నీటి ద్వారంలో ఇరుక్కుంటే పంపు మొరాయిస్తుంది. నెమ్మదిగా నడిపేటప్పుడు ప్రొపెల్లరంత పొదుపూ కాదు.

2019 ఆగస్టు 12న విశాఖ తీరానికి అవతల కోస్టల్ జాగ్వార్ అనే నౌకలో మంటలు లేచాయి. సిబ్బంది ప్రాణభయంతో సముద్రంలోకి దూకారు. అక్కడికి చేరిన రాసమణి 29 మందిలో 28 మందిని పైకి తీసింది.

ఇలాంటి రోజులు అరుదు. 2008 ముంబై దాడుల తర్వాత, 12 నాటికల్ మైళ్ల లోపలి ప్రాదేశిక జలాల భద్రత బాధ్యతను 2009లో కోస్ట్‌గార్డ్‌కు అప్పగించారు. అప్పటి నుంచి వేటబోట్లను ఆపి కాగితాలు, గుర్తింపు కార్డులు చూడడం నిత్యకృత్యం. తుపాను పుట్టిందంటే ఆ బోట్లనే వెతుక్కుంటూ వెళ్లి, స్థానిక భాషలో హెచ్చరించి ఒడ్డుకు మళ్లిస్తారు. అందుకే గస్తీ సిబ్బందికి ఏ తీరపు బోట్లు ఏ వైపు వేటకు వెళతాయో తెలిసి ఉండాలి. సరంగులు కూడా కొత్త పడవ కనిపిస్తే వాళ్లకు చెప్పాలి.

ఆపదలో సెల్‌ఫోన్ సిగ్నల్ అందితే 1554కు ఫోన్ చేయవచ్చు. సిగ్నల్ దాటి వెళ్లిన బోటుకు వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానల్ దిక్కు. ఆపద సంకేత పరికరం ఉన్న బోటులో మీట నొక్కితే చాలు, ఉపగ్రహం ద్వారా బోటు ఉన్న చోటు కోస్ట్‌గార్డ్ కేంద్రానికి తెలిసిపోతుంది. దగ్గర్లో గస్తీ తిరుగుతున్న నౌకకు అక్కడి నుంచే ఆదేశం వెళుతుంది.